అత్తయ్య వేళ్ళ మీది మనుషులు

మా అత్తయ్య వేళ్ళ మీద నలభై ముగ్గురు మనుషులు ఉండేవాళ్ళు. పద్నాలుగేళ్ళు ఆమెతో ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో తిరిగి కూడా ఆ సంగతి నాకు తెలియదు. తెలిసేసరికి వాళ్ళు ఒక్కొక్కరే జారిపోతున్నారు.

తెల్లవారగానే లేచి, మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు తాకుతూ పోయేది. పెదవులు కదిలేవి కానీ మాట వినపడేది కాదు. "అమ్మ జపం," అనేవాడు మా ఆయన. నేనూ జపమే అనుకున్నాను. నేను ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో కౌన్సెలర్ని. ఊళ్ళో వాళ్ళ మనసుల్లోకి తొంగిచూడటం నా ఉద్యోగం. ఇంట్లో పక్కగదిలోకి తొంగిచూడాలని తోచలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఆ ఏడు వానలు మొదలైన సోమవారం, పదకొండు గంటలకి రావాల్సిన మనిషి రాలేదు. ఆయన పాల వ్యాను డ్రైవరు. పదకొండు వారాలుగా గడియారం ముల్లు చూసుకున్నట్టు ఠంచనుగా వచ్చేవాడు. మొదటిరోజు గుమ్మం దగ్గర ఆగి, "చెప్పులు విప్పాలాండీ?" అని అడిగాడు. "అక్కర్లేదండీ, రండి," అన్నాను. అయినా విప్పేసే వచ్చాడు. ఆసుపత్రి నేల మీద ఉత్తకాళ్ళతో ఎవరు నడుస్తారు? ఆయన నడిచాడు, పదకొండు వారాలూ. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒంటికాలి మీద నిలబడి చెప్పు తొడుక్కుంటూ, "వస్తానండీ," అనేవాడు.

ఆయన బదులు పెద్ద డాక్టరుగారు వచ్చారు. తలుపు చేరవేసి, నిలబడే చెప్పారు.

"మీ పదకొండు గంటల మనిషి నిన్న పోయాడమ్మా. తనంతట తనే."

నేను కలానికి మూత పెట్టాను.

"మీ నోట్సు చూశాను. అన్నీ పద్ధతిగా ఉన్నాయి. పోయినవారం 'మెరుగు' అని కూడా రాశారు. మీ తప్పేం లేదు."

"సరేనండి," అన్నాను.

పన్నెండింటికి తర్వాతి మనిషిని పిలిచాను. మధ్యాహ్నం డబ్బా విప్పి మెతుకు మిగల్చకుండా తిని, మూత కూడా కడిగి బోర్లించాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు, బస్సు కోసం కాచుకున్నట్టు, కుర్చీలో కూర్చున్నాను. రాలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి, తడిసిన గొడుగు ఆరబెట్టి, కూర తాలింపు పెట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళ సంగతులు గడప దాటకూడదని మాకు నియమం ఉంది. ఆ నియమం నాకు అంతకుముందెప్పుడూ అంత సుఖంగా అనిపించలేదు.

ఆ వారమే ఆసుపత్రిలో మా అందరికీ శిక్షణ మొదలుపెట్టారు. మనసుల్ని చూసేవాళ్ళ మనసులు అలసిపోతున్నాయని, ఏడాదిలో నలుగురు మానేశారని, పైవాళ్ళకి బెంగ పట్టుకుంది. బుధవారం బుధవారం రెండు గంటలు, పన్నెండు వారాలు. నేర్పడానికి వచ్చినాయనది నెరిసిన గడ్డం, మెత్తటి గొంతు. ఊపిరి మీద ధ్యాస పెట్టమని మాటిమాటికీ చెప్పేవాడు కాబట్టి రెండో వారానికల్లా నర్సులు ఆయనకి ఊపిరి మాస్టారని పేరు పెట్టేశారు. ఆయనకీ తెలుసు, నవ్వేవాడు.

మొదటిరోజే ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఎదుటివాళ్ళ బాధ మీతో పాటు ఇంటికి వస్తుందా? రాదు. పని అయ్యాక కూడా మాటలు చెవిలో తిరుగుతాయా? తిరగవు. గబగబా గీతలు గీసిచ్చాను. అబద్ధం ఒక్కటీ లేదు.

"ఒకరు వెళ్ళి ఇంకొకరు వచ్చేలోపు లేచి తలుపు దాకా వెళ్ళండి," అని నేర్పాడు మాస్టారు. "పిడి మీద చెయ్యి వెయ్యండి. మూడు ఊపిరులు తీసుకోండి. వెళ్ళినవాళ్ళ బరువు అక్కడ దింపి రండి. తామరాకు మీద నీటిబొట్టులా ఉండాలి. ఆకు నీళ్ళలోనే ఉంటుంది, తడవదు."

కళ్ళు మూసుకుని కూర్చోమంటే మిగతావాళ్ళు కదిలిపోయేవాళ్ళు. వార్డు నర్సు ఒకామె వెక్కివెక్కి ఏడ్చింది. మందులిచ్చే కుర్ర డాక్టరు మధ్యలో లేచి బయటికెళ్ళిపోయాడు. నేను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేదాన్ని. అరగంట కాదు, అరపూటైనా కూర్చోగలను. లోపల ఏమీ లేనప్పుడు కూర్చోవడానికి కష్టమేముంది?

"మీరు ఇదివరకు సాధన చేశారా?" అని అడిగాడు మాస్టారు, ముచ్చటపడిపోయి.

"లేదండి. సహజంగానే వచ్చింది," అన్నాను.

"అదృష్టవంతులు," అన్నాడు. పక్కనున్న నర్సు నన్ను మోచేత్తో పొడిచి, "మాకూ కాస్త పంచవే ఆ శాంతం," అంది. నిజానికి అప్పుడు నవ్వాలి. నవ్వాను.

మా గదుల గురించి ఒక మాట చెప్పాలి. మాకు గడియారం ఎప్పుడూ వచ్చినవాళ్ళ తల వెనక గోడకి ఉంటుంది. టైము చూస్తున్నట్టు వాళ్ళకి తెలియకూడదు. వాళ్ళ కళ్ళలోకి చూస్తూనే, చూపు జానెడు పైకి జరిపి ముల్లు ఎక్కడుందో పట్టెయ్యడం పనిలో చేరిన మొదటి ఏడాదే అలవాటైపోతుంది. యాభై నిమిషాలు కాగానే, వాళ్ళు ఎంత లోతులో ఉన్నా, మెల్లగా ఒక మాట చెప్పి పైకి తీసుకురావాలి. ఆ మాట ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. నాది మాత్రం పదహారేళ్ళుగా మారలేదు.

శిక్షణలో అయిదో వారం. గురువారం సాయంత్రం ఆరింటికి అత్తయ్య భోజనాల బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. బయట వాన ఒకే తీరుగా పడుతోంది. అత్తయ్య పాత ఆసుపత్రి మనిషి. నయం కాక ఏళ్ళ తరబడి ఉండిపోయే రోగుల వార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు ఆయాగా పనిచేసింది.

"కాసేపు కూర్చుంటావా, అమ్మాయ్?" అంది.

ఆవిడ అలా అడిగే మనిషి కాదు. ఎదురుగా కూర్చున్నాను.

"పొద్దున్నే నేను చేసేది జపం అనుకుంటున్నారు మీరు."

"కాదా అత్తయ్యా?"

"దేవుడికి నేను గుర్తుచెయ్యాలా? ఆయన పని ఆయనకి తెలుసు. నేను తలుచుకునేది మావాళ్ళని. వార్డులో పోయినవాళ్ళని. నలభై ముగ్గురు. ఒక్కళ్ళ కోసం కూడా ఎవరూ రాలేదు. నేనే మొహాలు తుడిచి పంపించాను." చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. "వాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఉంటాయి. మనిషి ఉండడు. ఒక్కళ్ళన్నా రోజుకోసారి తలుచుకోకపోతే వాళ్ళు పుట్టినట్టేనా చెప్పు?"

"మీకు వాళ్ళ మీద చాలా బాధ్యత అనిపిస్తోంది," అన్నాను.

"అనిపించడమేంటే, ఉంది. ఇప్పుడు చిక్కేంటంటే, కొందరు రావటం లేదు. రెండు చేతుల కణుపులూ అయిపోయి మళ్ళీ మొదటికొచ్చి నలభై మూడు దగ్గర ఆగాలి. మొన్న ముప్పై ఎనిమిది దగ్గరే ఆగింది. ఎవరు రాలేదో తెలియటం లేదు. పొయ్యి మీద గిన్నె మర్చిపోతే మర్చిపోయాను. వీళ్ళని మర్చిపోతే ఎట్లా?"

"గుర్తు రాకపోవడం మీకు భయంగా ఉంది."

"భయంగానే ఉంది," అంది అత్తయ్య. చేతులు ఆగాయి. "నువ్వు చదువుకున్నదానివి. ఇట్లాంటివి వినడమే నీ పని. అందుకని నిన్ను అడుగుదామని..."

ఆవిడ తల వెనక గోడ మీద మా వంటింటి గడియారం ఉంది. ముల్లు ఆరూ యాభై మీదికి వచ్చింది.

"సరే," అన్నాను మెల్లగా. "ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం. వచ్చే వారం ఇదే సమయానికి మాట్లాడుకుందాం."

అత్తయ్య నా మొహంలోకి చూసింది. వెనక్కి తిరిగి గడియారం వైపు చూసింది. తుంచిన చిక్కుడుకాయలు పళ్ళెంలోకి ఎత్తుకుని లేచి నిలబడింది.

"సరేనండి," అంది నాతో. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పద్నాలుగేళ్ళలో ఆవిడ నన్ను ఏమే అంది, ఒసేయ్ అంది, కోపం వస్తే మహాతల్లీ అంది. అండీ అనడం అదే మొదలు. నేను కూర్చునే ఉన్నాను. తప్పు చేశానని తెలుసు. తెలిసిందే తప్ప ఎక్కడా గుచ్చుకోలేదు. చెయ్యి పిడి మీద లేకపోయినా మూడు ఊపిరులు తీసుకున్నాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆయన లిఫ్టు మెకానిక్కు. మామూలుగా ఆయన నోరు ఊరికే ఉండదు, ప్రతిదానికీ ఒక హాస్యం. ఆ పూట బూట్లు విప్పుతూ ఒక్క హాస్యమూ ఆడలేదు.

"అమ్మకి వచ్చేవారం రమ్మని చెప్పావు," అన్నాడు చివరికి.

"అలవాటులో నోరు జారింది."

"లిఫ్టు మధ్యలో ఆగిపోయిందనుకో. లోపలున్నవాళ్ళు ముందు బటన్లన్నీ నొక్కుతారు. తర్వాత తలుపు బాదుతారు, మమ్మల్ని తిడతారు. తిట్టేవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. చప్పుడు ఆగిపోతుంది చూడు, అప్పుడే మెట్లమీద పరిగెడతాను." బూట్లు మూలకి పెట్టాడు. "నువ్వు చప్పుడు చేసి నెలైంది. ఏమైంది?"

"ఏం లేదు, బాగానే ఉన్నాను," అన్నాను.

అత్తయ్య తర్వాత ఆ ఊసెత్తలేదు. పొద్దున్నే మంచం అంచున కూర్చునేది. బొటనవేలు కణుపు మీద ఆగిపోయి, చాలాసేపు కదలక, మళ్ళీ వెనక్కి వచ్చేది. నేను కాఫీ పెడుతూ చూసేదాన్ని. వెళ్ళి పక్కన కూర్చోవాలని తెలుసు. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

మళ్ళీ గురువారం వచ్చింది. సాయంత్రం ఆరింటికి బట్టలు మడతపెడుతున్నాను. అత్తయ్య వచ్చి బల్ల దగ్గర అదే కుర్చీలో కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుంది. తల దువ్వుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. నేను రమ్మన్నాను, ఆవిడ వచ్చింది.

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పండి అత్తయ్యా. ఎలా ఉన్నారు?"

"ఏం లేదమ్మా," అంది నవ్వుతూ. "ఈ వారం బాగానే ఉన్నాను."

ఆ మాట నేను విన్నాను. అదే మాట, అదే నవ్వు. చివరి సోమవారం డ్రైవరు నా ఎదుట కూర్చుని, ఉత్తకాళ్ళు దగ్గరికి ముడుచుకుని అన్నది అదే. ఏం లేదండీ, ఈ వారం బాగానే ఉన్నాను. నేను ఆయన కళ్ళలోకి చూస్తూ చూపు జానెడు పైకి జరిపాను. ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి. బాగానే ఉన్నారు కదా, కావాలంటే ఇవాళ కాస్త ముందే ఆపుదామా అని అడిగాను. ఆయన "అలాగేనండీ" అని లేచాడు. నేను కాగితం మీద 'మెరుగు' అని రాశాను. పెద్ద డాక్టరుగారు చూసిన నోట్సులో ఆ ఇరవై నిమిషాలు లేవు.

లేచి నా కుర్చీ అటు తీసుకెళ్ళి అత్తయ్య పక్కన వేసుకున్నాను. ఇప్పుడు గడియారం మా ఇద్దరి వెనకా ఉంది.

"అబద్ధం చెప్తున్నారు," అన్నాను.

"నువ్వు అడగటం లేదుగా," అంది అత్తయ్య.

నా డైరీ తెచ్చాను. "చెప్పండి. రాస్తాను. ఎవరు గుర్తుంటే వాళ్ళు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. బొటనవేలు కదిలింది. "కిటికీ తాత. ఎండ ఎటు జరిగితే అటు మంచం జరపమని పోరేవాడు. రెండుజడల పిల్ల. జడలు నేనే వేసేదాన్ని, ఒకటి పొడుగు ఒకటి పొట్టి వస్తే ఊరుకునేది కాదు. రేడియో మాస్టారు. బ్యాటరీల్లేని రేడియో చెవికి పెట్టుకుని మా అందరికీ వార్తలు చెప్పేవాడు, అన్నీ మంచి వార్తలే. గుండీలావిడ. ఎవరి చొక్కాకి గుండీ ఊడినా ఊరుకునేది కాదు, డాక్టర్లని కూడా నిలబెట్టి కుట్టేసేది. రేపొస్తారు. ఆయన పేరే అది. రేపు మావాళ్ళొస్తారు అనేవాడు, పద్దెనిమిదేళ్ళు."

ఆ సాయంత్రం పన్నెండు మంది వచ్చారు. మా ఆయన వంట చేశాడు. కూర మాడింది, ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు అత్తయ్యని మా ఆసుపత్రికే తీసుకెళ్ళి మతిమరుపు చూసే డాక్టరుకి చూపించాం. మందులతో కాస్త నిదానిస్తుంది, ఆగదు అన్నాడు. ఇంటికొచ్చే దారిలో అత్తయ్య, "అయితే త్వరగా కానివ్వాలి," అంది. అంతే అంది. రోజూ సాయంత్రం కూర్చున్నాం. వాన పడినంత కాలం పడింది. కొన్నిరోజులు ముగ్గురు వచ్చేవాళ్ళు. కొన్నిరోజులు ఒక్కరూ వచ్చేవారు కాదు. ఒకరోజు అంతకుముందే రాయించినాయన్నే మళ్ళీ కొత్తగా చెప్పింది. నేను రెండోసారి కూడా రాసుకున్నాను. ఒకరోజు కణుపు పట్టుకుని, "ఇక్కడ ఒకడు ఉండాలే, సబ్బుబిళ్ళ దాచుకునేవాడా? కాదు, వాడు కాదు," అంటూ ఏడ్చింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నాకు ఏడుపు రాలేదు. పట్టుకుని కూర్చున్నాను.

ముప్పై ఒక్క మందిని పట్టుకోగలిగాం. పన్నెండు మంది పోయారు.

శిక్షణ ఆఖరి బుధవారం మళ్ళీ అదే ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చారు. నేను నింపకముందే పెద్ద డాక్టరుగారు అందరి ముందూ చెప్పేశారు, మొదటి కాగితంలోనూ మధ్యలో ఇచ్చినదాంట్లోనూ నావే మంచి మార్కులని, వచ్చే జట్టుకి నేనే నేర్పాలని. నర్సులు చప్పట్లు కొట్టారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో గెలిచి నిలబడ్డాను.

అందరూ వెళ్ళాక ఖాళీ కాగితం పట్టుకుని ఊపిరి మాస్టారు దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో అత్తయ్యతో అన్న మాట చెప్పాను. డ్రైవరు సంగతి పేరు లేకుండా, ఇరవై నిమిషాలతో సహా చెప్పాను. నా గొంతు కూరగాయల చీటీ చదివినట్టే ఉంది.

మాస్టారు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"బరువు తలుపు దగ్గర దింపి రమ్మన్నాను," అన్నాడు. "మీరు దింపలేదమ్మా. మీకు అసలు బరువే తెలియటం లేదు. ఆ రెంటికీ తేడా నేను చూడాల్సింది. అందరూ ఏడుస్తుంటే మీరొక్కరే కుదురుగా కూర్చున్నారని మురిసిపోయాను. ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్నాను ఇదే పని." తల దించుకున్నాడు. "తప్పు నాది కూడా."

"మరి నేను నేర్పాలా, వద్దా?"

"ముందు మీ అత్తగారి దగ్గర నేర్చుకోండి," అన్నాడు. నా చేతిలోంచి ఖాళీ కాగితం తీసుకుని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

వానలు వెనకబట్టాక ఒక తెల్లవారుజామున డైరీ పట్టుకుని అత్తయ్య మంచం మీద, ఆవిడ పక్కనే కూర్చున్నాను. అప్పటికి పది రోజులుగా అదే మా పద్ధతి. నేను చదువుతాను, ఆవిడ కణుపులు తాకుతుంది. కొందరి దగ్గర నవ్వుతుంది. కొందరి దగ్గర "ఎవరూ?" అని అడుగుతుంది. అప్పుడు నేను ఆవిడ చెప్పిందే ఆవిడకి చెప్తాను. ఎండ వెంట మంచం జరిపించుకున్న తాత, అత్తయ్యా. ఓహో, వాడా, అంటుంది.

ముప్పై ఒకటీ అయ్యాయి. డైరీ ముయ్యలేదు.

"చెప్పులు బయట విప్పే ఆయన," అన్నాను.

అత్తయ్య బొటనవేలు ఆగింది. కళ్ళు తెరిచింది. నిన్న అన్నం తిన్నదీ లేనిదీ ఆవిడకి గుర్తుండదు అప్పటికి.

"ఈయన మా వార్డు కాదే," అంది.

"కాదు అత్తయ్యా. నా దగ్గరికి వచ్చేవాడు."

"పోయాడా?"

"పోయాడు. వానలు మొదలైనప్పుడు."

"అప్పట్నుంచీ గుమ్మంలోనే నిలబెట్టావా మనిషిని?" అంది అత్తయ్య. కోప్పడింది కూడా. "లోపలికి రానివ్వకూడదూ?"

నా చెయ్యి లాక్కుంది. "నా వేళ్ళ మీద చోటు లేదు. నీ దగ్గరే పెట్టుకో," అని నా చిటికెనవేలి మొదటి కణుపు తన బొటనవేలితో అదిమింది. ముప్పై ఒక్క ఏళ్ళు మనుషుల్ని ఎత్తి దింపిన చెయ్యి అది. అదిమి పట్టుకుని వదల్లేదు.

"నొప్పిగా ఉంది, అత్తయ్యా," అన్నాను.

అన్నాక గానీ తెలియలేదు, నిజంగానే నొప్పిగా ఉంది. వేలు ఒక్కటే కాదు.

అత్తయ్య వేలు వదల్లేదు. నా వైపు కాస్త జరిగి కూర్చుంది.

"ఊ, చెప్పు," అంది.